యంత్రవిద్యయు చేతిమైలయు

ప్రతి సంవత్సరమును వేసవి కడపటి దినములలో ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడినతోడనే మన గృహములలో నొక సభ తీరును. పిల్లవాని ర్యాంకు కాగితము జాతకచక్రమువలె నడుమ పెట్టబడును. తండ్రియు, మేనమామయు, పొరుగింటి విశ్రాంతోద్యోగియు, అమెరికాలో కుమారుడు గల దూరపుబంధువును చుట్టు కూర్చుందురు. "కంప్యూటరు శాఖలో చోటు దొరకునా?" యని మొదటి ప్రశ్న. "దొరకనిచో నేమి చేయుదుము?" అని రెండవది. "చేయున దేమున్నది? మెకానికలులో పడవేయవలసినదే" యని సమాధానము. "పడవేయుట" యను ఈ క్రియను చదువరులు గమనింతురుగాక! చెత్తను కుప్పమీద పడవేయుదుము. విరిగిన కుర్చీని అటకమీద పడవేయుదుము. కన్నకొడుకును యంత్రశాఖలో పడవేయుదుము. ఇక ఆ ర్యాంకు ఆడపిల్లదైనచో మెకానికలను మాటయే ఆ సభలో పుట్టదు. సభలో నోరు మెదపనివాడు ఒక్కడే. వాడు చదువబోవు పిల్లవాడు.

మేము ఇరువది సంవత్సరములుగా ఉన్నత పాఠశాలలో పాఠములు చెప్పుచున్నవారము. మా చేతిమీదుగా పోయినవారిలో పలువురు యంత్రశాఖలో చేరి, నాలుగు సంవత్సరములు చదివి, ఎనిమిది అర్ధసంవత్సర పరీక్షలు గడచి, పట్టములు పుచ్చుకొని వచ్చి మాకు నమస్కరించి పోయినారు. వారి మాటలు వినగా వినగా మాకు కలిగిన అభిప్రాయమును నిర్మొగమాటముగా చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. యంత్రశాస్త్రము చచ్చినదని మనవారు చెప్పుకొనుట శుద్ధాబద్ధము. జీతములు తక్కువ యనుట కొంత నిజమే కాని, మూలవ్యాధి అది కాదు. మూలవ్యాధి యేమనగా, చేతితో చేయు పని మైల యను భావము. అది ఇంటిలో పుట్టి, బడిలో పెరిగి, కళాశాలలోని కర్మశాలదాక పోయి కూర్చున్నది. మన పిల్లలు యంత్రవిద్యను చదువుచున్నారు. యంత్రమును మాత్రము ముట్టుట లేదు.

శాస్త్రము చచ్చినదనువారిని ముందు విచారింతము. వారు ఆ మాట చెప్పునపుడు తలపైన తిరుగుచున్న పంకా యెవరి విద్య? వంటింటిలో పాలను విరుగనీయక కాపాడు శీతలయంత్ర మెవరి విద్య? తిన్న బియ్యమును దంచిన మిల్లు, ఊరినుండి తెచ్చిన బస్సు, బోరుబావినుండి నీరెత్తిన మోటారు, ఇవన్నియు నెవరి విద్య? ఎవరి శాఖను పొగడి దీనిని నిందించుచున్నారో ఆ కంప్యూటరులు వేలకొలది కొలువుదీరిన మహాశాలలలో పుట్టెడి వేడిని క్షణక్షణమును బయటికి తోడివేయనిచో అవి పనిచేయజాలవు. ఆ తోడివేయుటయు యంత్రశాస్త్రమే. ఏ శాస్త్రము చచ్చినదని చెప్పుచున్నామో ఆ శాస్త్రముయొక్క భుజములమీద కూర్చుండియే చెప్పుచున్నాము.

ఇప్పుడు కళాశాలలోనికి పోయి చూతము. మొదటి సంవత్సరమున ప్రతి విద్యార్థికిని కర్మశాలాభ్యాస మని యొకటి కలదు. వడ్రంగము, ఫిట్టింగు, కమ్మరము, రేకుపని, పోతపని, వెల్డింగు మొదలగువానిని వరుసగా తాకించి విడుతురు. ఫిట్టింగులో ఒక ఇనుప ముక్కను చేతికిచ్చి, ఆకురాయితో అరుగదీసి, మూలమట్టము పెట్టి చూచినపుడు సందున వెలుతురు దూరకుండ చదునుచేయు మందురు. చూచుటకు ఇది అతిసులభము. చేయుటకు పూనినచో ఆకురాయి ముందుకు పోవునపు డొకవైపు, వెనుకకు వచ్చునపు డొకవైపు ఒరగి, ముక్క నడుమ ఉబ్బి అంచులు దిగజారును. చదునైన తలము అనునది ప్రకృతిలో దొరకునది కాదనియు, మానవుడు శ్రమించి సంపాదించిన దనియు ఆ పూట విద్యార్థి భుజమునకు తెలియును. మిల్లీమీటరులో నూరవవంతును కొలుచు స్క్రూగేజి ఎందులకో, ఒక ఇరుసు ఒక రంధ్రమున ఇమిడి తిరుగుటకు ఎంత సందు విడువవలెనో పుస్తకములో చదివినపుడు ఆ భుజమే మనస్సునకు సాక్ష్యము చెప్పును. ఈ విద్యకు అక్షరాభ్యాసము అనదగినది అదియే.

అయితే జరుగుచున్న దేమి? అనేక కళాశాలలలో నలుబదిమంది పిల్లలకు పట్టుమని పది బిగింపులుండవు. ముక్కను అటెండరుచేత అరుగదీయించుకొనువారు కొందరు; పై సంవత్సరపువారి ముక్కను తుడిచి చూపువారు కొందరు. రెండవ సంవత్సరమునుండి ప్రయోగశాలలు వచ్చును. అక్కడ యంత్రమును నడపువాడొకడు, చూచువారు పదిమంది, నిదురించువారు మిగిలినవారు. రావలసిన ఫలమును ముందే తెలిసికొని, దానికి సరిపోవు అంకెలను వెనుకకు లెక్కవేసి రికార్డులో వ్రాయుదురు. ఆ రికార్డును కూడ ఒక మంచి దస్తూరి గల మిత్రుని పుస్తకమునుండి ఎత్తి వ్రాయుదురు. నాలుగవ సంవత్సరమున స్వయముగా ఒక యంత్రమును ఆలోచించి నిర్మింపవలసియుండగా, నగరవీధులలో ప్రాజెక్టు లమ్ము దుకాణములు వెలసినవి. వెల యిచ్చినచో యంత్రమును, దాని వర్ణనను, పరీక్షకు డడిగెడి ప్రశ్నలకు జవాబులను మూటగట్టి యిత్తురు. పూర్వము బ్రాహ్మణునిచేత జపము చేయించి ఫలమును ధారపోయించుకొను ధనికుని చూచి మనము నవ్వెడివారము. ఇప్పుడు మన పిల్లలు చదువును ధారపోయించుకొనుచున్నారు!

దీని కంతటికిని పిల్లలే కారణమని మేమనము. మా నేరమునే మొదట ఒప్పుకొందుము. మేము ఎనిమిదవ తరగతికి పాఠము చెప్పు కాలమున, పద్యము అప్పగింపనివానిని, లెక్క తప్పినవానిని మందలించుటకు ఒక ఊతపదముండెడిది. "చదువకపోతివా, కొలిమి తిత్తి ఊదుకొనుచు బ్రతికెదవు" అనునదియే ఆ పదము. తరగతి యంతయు నవ్వెడిది. మూడవ బల్లమీద కూర్చున్న ఒక కుఱ్ఱవాడు మాత్రము తల వంచుకొనెడివాడు. వాని తండ్రి మా ఊరి కమ్మరి. వాడు ఎనిమిదవ యేటినుండియు ఉదయమున తిత్తి ఊది బడికి వచ్చెడివాడని మాకు అప్పుడు తెలియదు. తెలిసికొనవలె నని తోచనూలేదు. వాడు చదివెను, యంత్రశాఖలోనే చోటు సంపాదించెను. కొన్నియేండ్ల తరువాత మా యింటికి వచ్చి, మాటల సందర్భమున, కళాశాలలోని కమ్మరపు పాఠమును గూర్చి చెప్పెను. గుండ్రని చువ్వను కాల్చి కొక్కెముగా వంచు మనిరట. తోడివారికి ఇనుము రంగు తెలియదు. ఎఱ్ఱబడగానే తీసి కొట్టువా డొకడు, నల్లబడిన తరువాతను కొట్టుచుండువా డొకడు. వీనికో, ఇనుము ఏ రంగున మైనమువలె లొంగునో, ఏ రంగున పగులునో పుట్టుకతో తెలిసినట్లే తెలియును. "నేనేమి చేసితిననుకొన్నారు, మాస్టారూ? సుత్తి కావలెననియే తప్పుగా పట్టుకొన్నాను. బాగుగా కొట్టినచో, ఎక్కడ నేర్చుకొంటివిరా యని అడుగుదురు గదా యని" యనెను.

ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. నలుబదిమందిలో ఆ పని తెలిసినవాడు వాడొక్కడే. ఆ దినమున వాడు ఉపాధ్యాయునికే ఉపాధ్యాయుడు కావలసినవాడు. అట్టివాడు తన విద్యను దొంగసొత్తువలె దాచుకొనెను. దాచుకొను మని నేర్పినది ఆ కళాశాల కాదు. మా ఎనిమిదవ తరగతి.

చేతికిని పుస్తకమునకును కలిగిన ఈ ఎడబాటువలన పుస్తకము కూడ వ్యర్థమగుచున్నది. ఇందులకు మేము చూచిన నిదర్శన మొకటి చెప్పెదము. ఒక మెట్టగ్రామమున మా పూర్వశిష్యుడు, యంత్రశాఖలో మూడవ సంవత్సరము చదువుచున్నవాడు, సెలవులకు వచ్చియుండెను. వాని పెదనాన్నగారి బావిలో నీరు ఆ యేడు దిగిపోయి, గట్టుమీది మోటారు నీరు లాగుట మానివేసెను. ఆయన అయిదు గుఱ్ఱముల మోటారు చాలలేదని తలచి, అప్పు చేసి ఏడున్నర గుఱ్ఱముల మోటారు తెచ్చి అదే గట్టుమీద బిగించెను. నీరు రాలేదు. శిష్యుడు ప్రక్కనే నిలిచి చూచుచుండెను. నిజమున కిందులో రహస్యమేమియు లేదు. పంపు నీటిని లాగుట యనునది మాటవరుసకే. పంపు తన నోట గాలిని తొలగించును. అంతట బావిలోని నీటిమీద ఒత్తుచున్న వాతావరణమే నీటిని గొట్టములోనికి ఎగద్రోయును. ఆ వాతావరణపు బలము నీటిని సుమారు 10.3 మీటర్లకు, అనగా 34 అడుగులకు మించి నిలుపజాలదు. గొట్టపు రాపిడి మొదలగు నష్టములు పోగా, ఆచరణలో ఇరువది యడుగులకు కొంచె మెచ్చుతక్కువగా మాత్రమే ఆశింపదగును. నీరు నలుబది యడుగుల లోతున నున్నపుడు గట్టుమీద నూరు గుఱ్ఱముల మోటారు బిగించినను బొట్టు రాదు. అదే మోటారును బావిలో నీటి దాపునకు దింపి అరుగుమీద నిలిపినచో, అక్కడినుండి పైకి త్రోయుటకు దాని శక్తియే చాలును. బోరులోని మోటారును నీటిలోనే ముంచి యుంచుటకును ఇదియే కారణము.

మేము శిష్యుని ఏకాంతమున పిలిచి అడిగితిమి. వాడు నిమిషములో సమీకరణము వ్రాసి, అంకెలు వేసి, పంపు ఎంత లోతునకు దింపవలెనో చెప్పెను. "మరి నిన్ననే ఏల చెప్పవైతివి?" అంటిమి. "అది పరీక్షలో వచ్చు లెక్క గదండీ. పెదనాన్న బావిలో వచ్చునని తోచలేదు" అనెను. వాడు మందబుద్ధి కాడు; అబద్ధమాడువాడును కాడు. నాలుగేండ్ల చదువు ఒక బావి గట్టు దాటలేకపోయినదనుటకు వాడు ఉత్తమసాక్షి.

ఈ విద్య పుట్టిన చోట ఇట్లుండలేదు. జేమ్సు వాటు అను పనివాడు గ్లాస్గో పట్టణమున పరికరములు చేయు అంగడి పెట్టుకొనబోగా, అక్కడి సుత్తిపనివారి సంఘము తమ కట్టుబాటు ననుసరించి అతనిని అడ్డగించెను. మన కులపు కట్టుబాటులు మనకే యున్నవని విచారింపనక్కరలేదు. అప్పుడు ఆ పట్టణపు విశ్వవిద్యాలయము 1757లో అతనికి తన ప్రాంగణమున కర్మశాల కిచ్చెను. 1763-64 సంవత్సరములలో పాఠము చెప్పుటకు వాడు న్యూకామెను ఆవిరియంత్రపు చిన్న నమూనా చెడిపోగా దానిని బాగుచేయ నతనికే యిచ్చిరి. అంత చిన్న యంత్రము అంత ఆవిరిని ఏల మ్రింగుచున్న దని యతడు చింతించెను. ఆవిరిలో గూఢముగా నిమిడియుండు ఉష్ణమును కనుగొన్న బ్లాకు పండితుడు అదే ప్రాంగణమున ఆచార్యుడు, వారిరువురును మిత్రులు. 1765లో ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు నుపాయము వాటునకు తోచెను. 1769లో దానికి పేటెంటు లభించెను. అప్పటికిని యంత్రము చక్కగా నడువలేదు. విల్కిన్సను అను ఇనుపపనివాడు పెద్ద గొట్టములను నిక్కముగా తొలుచు యంత్రమును 1775 ప్రాంతమున సమకూర్చిన పిమ్మటనే ముషలకము ఆవిరిని తప్పనీయక కదలగలిగెను. పండితుని సిద్ధాంతము, పనివాని చేయి, తొలుపువాని నేర్పు, ఈ మూడును కూడినపుడు లోకము మారినది. అదే విశ్వవిద్యాలయమున 1855లో ఇంజనీరింగు ఆచార్యుడైన రాంకినుపేరిట నున్న చక్రమును నేడు మన విద్యార్థులు కంఠస్థము చేయుచున్నారు. చక్రము వచ్చినది, ఆ ప్రాంగణపు కర్మశాలయొక్క ప్రాణము మాత్రము వెంట రాలేదు.

రాకపోవుటకు చరిత్రలో నొక కారణ మున్నది. మన దేశమున తొలి ఇంజనీరింగు విద్యాలయములు యంత్రములు చేయువారిని తయారుచేయుటకు పుట్టలేదు. గిండీలోనిది 1794లో భూమి కొలుచు పాఠశాలగా మొదలయ్యెను. రూర్కీలోనిది 1847లో గంగానది కాలువల త్రవ్వకమునకు కావలసినవారిని సమకూర్చుటకు వెలసెను. గిండీలో యంత్రశాఖ 1894లో గాని యేర్పడలేదు. ఆరంభమునుండియు ఇంజనీరనగా గుఱ్ఱమెక్కి వచ్చి, కఱ్ఱతో చూపి, పని చేయించు దొర. పనిచేయువాడు వేఱు, చేయించువాడు వేఱు. దొరలు పోయినను ఆ కఱ్ఱ మన చేతిలోనే నిలిచినది. 1946లో విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయము ఇంజనీరింగు విద్యను ప్రారంభించెను. 1959లో వరంగల్లున ప్రాంతీయ కళాశాలకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. తరువాత కళాశాలలు ఊరూర వెలసినవి. పల్లెపిల్లలకు ద్వారములు తెరచుకొన్నందులకు మేము సంతోషించుచున్నాము. కాని ద్వారములో ప్రవేశించిన పిల్లవానికి మన మిచ్చినది పనిముట్టు కాదు, ఆ కఱ్ఱయే.

ఇక్కడ మా సంస్కృత పండితమిత్రులు లేచి, "యంత్రవిద్యకు పడమటివారిని దేహి యననేల? మన పూర్వుల కిది యంతయు తెలిసినదే" యందురు. మేమును ఆ భాషనే చదివినవారము గనుక ప్రత్యుత్తరము చెప్పుట మా విధి. యంత్ర శబ్దము మనదే; అదుపుచేయుట యను అర్థము గల ధాతువునుండి పుట్టినది. పదునొకండవ శతాబ్దమున భోజుని పేర వెలసిన సమరాంగణసూత్రధారమున యంత్రములను గూర్చి యొక అధ్యాయమే కలదు. కాని ఆ గ్రంథకర్త యంత్రముల కూర్పును వివరింపక, అజ్ఞానమువలన కాదు, రహస్యముగా నుంచుటకే చెప్పలేదని సమర్థించుకొన్నాడు. మన విద్యలకు పట్టిన దుర్గతి యంతయు ఆ యొక్క వాక్యమున నున్నది. దాచిన విద్య దాచినవానితో కాలిపోయినది. మిగిలినది గొప్ప చెప్పుకొనుట. వైమానికశాస్త్ర మను పుస్తకమును భరద్వాజ మహర్షికి అంటగట్టి విమానములు మనవే యని చాటువారు, 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని పరిశోధకులు అయిదుగురు దానిని పరిశీలించి, అది 1904కు పూర్వపుది కాదనియు, అందు చెప్పిన విమానములు ఎగురజాలవనియు నిర్ణయించిరని తెలిసికొందురుగాక. ఎగురని విమానమునకు మ్రొక్కుచు, ఎదుటి కమ్మరి కొలిమిని ఈసడించుకొను భక్తి మాకు బోధపడదు.

చేతివిద్యయందు మనవారు ఏమి చేయగలరో చూడవలెనన్నచో పురాణములదాక పోనక్కరలేదు. వరంగల్లు పోవు రైలుదారిలో ఆలేరు కలదు. ఆ ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టి, ఆరవ తరగతితో బడి మానిన చింతకింది మల్లేశముగారి తల్లి ఆసు పోసెడిది. చిటికీ రంగుల పట్టుచీరకు నూలును రంగులో ముంచుటకు ముందు, ఒక కొనయందలి గూటమునుండి అర్ధచంద్రాకారముగా నాటిన గూటములమీదికి దారమును ముందుకు వెనుకకు చుట్టవలెను. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల మారులు పోయి రావలెను. ఆమె భుజము పడిపోవుట కుమారుడు చూడలేకపోయెను. ఏండ్ల తరబడి కఱ్ఱతో, ఇనుముతో, మోటారుతో పెనగులాడి, 1999లో ఆ పనిచేయు యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. మేము పిల్లల కీ కథ చెప్పి, చదువు లేకున్నను గొప్పవారు కావచ్చునని ముగింపము. మే మడుగు ప్రశ్న వేఱు. ఆయన ఆ యంత్రమును పూర్తిచేయు నాటికి మన దేశమున యంత్రశాఖ గల కళాశాల లెన్ని యుండెను! వానిలో చదివి పట్టము పొందినవా రెందరు పట్టుచీరల పెండ్లిండ్లకు పోయి కూర్చుండిరి! ఆ చీర వెనుక ఒక తల్లి భుజమున్నదనియు, అది యంత్రశాస్త్రపు ప్రశ్నయే యనియు వారిలో నొక్కనికి తోచియుండినచో, ఆరవ తరగతితో బడి మానిన బాలుడు తన యౌవన మంతయు ఒంటరిగా వ్యయింపవలసివచ్చెడిదా?

ఆడపిల్లలను గూర్చియు ఒక మాట. "యంత్రముల నడుమ ఆడపిల్ల ఏమి చేయును? సంబంధములు వచ్చునా?" అనువారికి మేము వాదముచే గాక ఒక జీవితముచే ప్రత్యుత్తర మిత్తుము. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో ఒక తెలుగు గృహమున పుట్టిరి. పదునైదవ యేట వివాహము. 1937లో, పదునెనిమిదవ యేట, నాలుగు నెలల శిశువు చేతిలో నుండగా వైధవ్యము. అట్టి బాలికకు అప్పటి మన సంఘము ఏ మూల చూపెడిదో పెద్దవా రెరుగుదురు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలో ఆచార్యులు. ఆయన కుమార్తెను మూలకు పంపలేదు. తన కళాశాలకు తీసికొనిపోయెను. ఆమె విద్యుచ్ఛాఖలో చేరి 1943లో పట్టము పుచ్చుకొనెను. పట్టపు కాగితముమీద పురుషులకై అచ్చువేసిన సర్వనామమును కొట్టివేసి స్త్రీకి తగినదానిని చేతితో వ్రాసిరి. జమాల్పూరు రైల్వే కర్మశాలలో, ఆవిరియంత్రముల నడుమ, ఆమె పని నేర్చుకొనెను. ఆమె శాఖ వేఱైనను కర్మశాలలోని మసి యొక్కటియే. ఎనుబదియేండ్ల క్రిందట ఒక వితంతువునకు అంటిన మసి, నేడు ఫోనును విప్పి బిగించు మన కుమార్తెలకు అంటరాదా? రోలు, రోకలి, తిరుగలి, పంపు, పొయ్యి, మిక్సీ, ఇన్ని యంత్రములతో దినమంతయు పోరాడునది స్త్రీయే. వానిని బాగుచేయు విద్యకు మాత్రము ఆమె పనికిరాదట!

"అయ్యా, ఇవన్నియు బాగుగనే యున్నవి. జీతము మాట యేమి?" అని గృహస్థు డడుగును. ఆ ప్రశ్న తప్పు కాదు. పొలము తాకట్టు పెట్టి చదివించిన తండ్రికి, ఎక్కువ జీతము వచ్చు కొలువును విడువు మని మేము ఉపదేశింపము. యంత్రశాఖలో చదివినవాడు ఋణము తీర్చుటకు కంప్యూటరు పనికి పోయినచో వానిని నిందించు హక్కు మా కెవ్వరికిని లేదు. కాని జీతము తక్కువగుటకు గల కారణములలో మన చేతిలో నున్నదానిని కూడ విచారింపవలెను గదా! యంత్రాగారపు యజమాని, "ఈ పట్టభద్రుని ఒక యేడాది నేర్పించినగాని యంత్రము దాపునకు పోనీయజాల" ననుచున్నాడు. నేర్పు లేనివానికి జీతము తక్కువ యిచ్చును. జీతము తక్కువగుటచేత తెలివిగలవాడు ఆ శాఖకు రాడు. వచ్చినవాడు విధిలేక వచ్చి, మనసు పెట్టక చదువును. నేర్పు లేక వెలువడును. కళాశాలలు పిల్లలు రాని శాఖలో చోట్లు తగ్గించి కంప్యూటరు చోట్లు పెంచుకొనుచున్నవి. ఈ గానుగ యిట్లు తిరుగుచునే యుండును. దీనిని ఎక్కడనో యొకచోట ఆపవలెను. ఆపదగిన చోటు కర్మశాల.

భాష విషయమునను మావంటివారి దోషము కలదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ప్రాంతీయభాషలలో ఇంజనీరింగు బోధించుట కనుమతించెను. మంచిదే. కాని వెంటనే మేము పండితులము గుమిగూడి, పనివాడు కలలో కూడ విననట్టి సమాసములను పోతపోయుటకు సిద్ధమైతిమి. ఆకురాయి, చిత్రిక, దాగలి, పట్టుకారు, మూలమట్టము, ఈ మాటలను మేము సృష్టింపలేదు, పనిచేయువారు సృష్టించిరి. బేరింగును, బోల్టును, నట్టును పల్లెలోని మెకానికు తెలుగు చేసికొనియే యున్నాడు. విద్యార్థి ఆ మెకానికుతో మాటాడగల భాష కావలెను గాని, మాతో మాటాడగల భాష కాదు.

కావున మా మనవి యిది. కర్మశాల మొదటి సంవత్సరముతో ముగియక నాలుగేండ్లును సాగవలెను. అందు ఊరి కమ్మరిని, వడ్రంగిని, లేతుపనివానిని అటెండరులుగా గాక ఉపాధ్యాయులుగా కూర్చుండబెట్టవలెను. ప్రతి విద్యార్థియు ఒక సెలవులో తన యూరి యంత్రము నొకదానిని, బోరును గాని, మిల్లును గాని, నూర్పిడి యంత్రమును గాని, విప్పి చూచి, దాని రోగమును తెలుగులో వ్రాసి, యజమానికి చదివి వినిపింపవలెను. యజమానికి తెలిసినచో విద్యార్థికి తెలిసినట్లు. కొన్న ప్రాజెక్టును కొన్న పరీక్షగానే యెంచి త్రోసివేయవలెను. రెండేండ్ల ఐ.టి.ఐ. చదివినవాడు శూద్రుడు, మూడేండ్ల డిప్లొమావాడు వైశ్యుడు, నాలుగేండ్లవాడు బ్రాహ్మణుడు అను నూతన వర్ణవ్యవస్థను తుడిచివేయవలెను. డిప్లొమా చదివి రెండవ సంవత్సరమున నేరుగా ప్రవేశించు విద్యార్థులు పనిలో తక్కినవారికి దారి చూపుచుండుట మేము వినుచునే యున్నాము.

ఇవి కళాశాలలు చేయవలసినవి. ఇంటిలో చేయవలసినది ఇంతకంటె సులభము, ఇంతకంటె కష్టము. వరకట్నమును 1961లో చట్టము నిషేధించినను, పట్టమును చూపి వరునికి వెలకట్టు తల్లిదండ్రులు, ఆ పట్టము వెనుక పని యున్నదా యని ఒక్కసారి యడుగుదురుగాక. కుళాయి చెడినపుడు పనివాడు వచ్చినచో, కుమారుని, కుమార్తెను అతని ప్రక్కన కూర్చుండబెట్టి చూడుమనుడు. అతనికి మంచినీ రిచ్చునపుడు ఇంటివారు త్రాగు గ్లాసుతోనే యిండు. ఆ గ్లాసును పిల్లవాడు చూచును. కళాశాలలో సుత్తి ఎట్లు పట్టుకొనవలెనో వాడు ఆ దినమే నేర్చుకొనును.

బడిలో చేయవలసినది మాది. కొలిమి పేరు చెప్పి పిల్లలను బెదరించుట మేము మానితిమి. ఆ కమ్మరివారి కుఱ్ఱవాడు మరల వచ్చినపుడు, అతనిని మా తరగతికి తీసికొనిపోయి, ఇనుము ఏ రంగున లొంగునో పిల్లలకు చెప్పు మని యడుగవలె ననుకొనుచున్నాము. అతడు చెప్పునో, తల వంచుకొనునో మాకు తెలియదు. అడుగవలసిన ఋణము మాత్రము మాకున్నది.